భద్రాచలం అంకె, లంక గడప

1986 ఆగస్టు 15, శుక్రవారం. మండల కార్యాలయం ముందు జెండా ఎగరేసి, పిల్లలకు బిస్కెట్లు పంచి లోపలికి వచ్చేసరికి పోలీసు స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. వైర్‌లెస్‌లో వచ్చిన కబురు. భద్రాచలం దగ్గర గోదావరి ప్రమాద స్థాయి దాటింది, ఇంకా పెరుగుతోంది, లోతట్టు గ్రామాలను అప్రమత్తం చేయవలెను అని దాని సారాంశం. అలాంటిదే ఇంకో కాగితం ముందురోజు పొద్దుపోయాక వచ్చి ట్రేలో పడి ఉంది. మర్నాడు సెలవు కదా, జెండా పండుగ హడావుడిలో దాన్ని ఎవరూ విప్పి చూడలేదు.

నేను అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. జూనియర్ అసిస్టెంటుని. చిన్నవాణ్ణి, ఈత వచ్చినవాణ్ణి గనక గోదావరి పాయల మధ్యనున్న లంకకు నన్ను పంపారు. వెట్టివాడు డప్పు పట్టుకుని వెంట వచ్చాడు. రేవులో దిగగానే ఒక ముసలి పడవ సరంగు ఎదురొచ్చాడు. నేను కాగితం చదివి వినిపించాను. భద్రాచలంలో ఎన్ని అడుగులుందో కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విని అడిగాడు:

"ఆయ్, ఆ అడుగులు రాములోరి కాడ కదండి బాబుగారూ. మా అరుగు ఎక్కుద్దా ఎక్కదా, అది సెప్పండి."

నా దగ్గర జవాబు లేదు. "పెరుగుతుందట" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నీటి అంచున ఒక వెదురు పుల్ల గుచ్చి పక్కన కూర్చున్నాడు. పుల్ల మునిగేసరికి ఎంతసేపయిందో చూసుకున్నాడు. కాస్త పైన ఇంకో పుల్ల గుచ్చాడు. అది మొదటిదానికంటే త్వరగా మునిగింది. మూడో పుల్ల గుచ్చకుండానే లేచి, "గేదెల్ని విప్పండెహె" అని ఊళ్లోకి కేకేశాడు. ఆ ఊరు కదిలింది ఆ కేకకే. నేను చదివిన కాగితానికీ, మా డప్పుకీ కాదు.

మర్నాడు, 16న, భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులకు చేరింది. అక్కడ లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి నేటివరకు అదే అత్యధికం. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. మా లంకలో నీరు చూరు తాకింది.

భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం రావడానికి ఆ రోజుల్లో దాదాపు ఒక రోజు పట్టేది. అక్కణ్ణుంచి మా రేవుకు ఇంకొన్ని గంటలు. అంటే మా చేతిలో ఒక పూర్తి రోజు ఉండింది. కబురూ ఉండింది. సరంగు చేతిలో పుల్ల ఉండింది. ఆయన పుల్ల మునిగే వేగం చూసి చెప్పగలిగినదాన్ని, మా ట్రేలో కాగితం ముందురోజే చెప్పి ఉండాల్సింది. ఆ కాగితంలో అంకె ఉంది గానీ ఆ అంకెకు మా లంకలో అర్థం చెప్పేవాడు లేడు. తరవాత ముప్ఫయి అయిదేళ్ల ఉద్యోగంలో నేను పట్టుదలగా చేసిన పని ఏదైనా ఉందంటే, భద్రాచలం అంకెను లంక గడప దాకా నడిపించడమే.

1990 ఆగస్టులో మళ్లీ వచ్చింది. భద్రాచలంలో 70.8 అడుగులు. అప్పటికి నేను రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని. ఈసారి నీరు తీస్తుండగానే తారు డబ్బా, కుంచె పట్టుకుని పడవెక్కాను. రామాలయం మెట్టు మీద, బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద, రేవు దగ్గర రావిచెట్టు చప్టా మీద నీరు ఎక్కినంత మేర అడ్డగీత గీశాను. పక్కన తేదీ వేశాను. ఇంటికొచ్చి లాంగ్ నోట్‌బుక్కులో ఆ గంటకు ధవళేశ్వరం మట్టం ఎంతో రాశాను. చిన్న వరదలక్కూడా అదే పని. ఏటా రెండు మూడు గీతలు. కొందరు సహోద్యోగులకు ఇది వేరే పని లేనివాడి వ్యవహారంలా కనబడింది. నాకు మాత్రం ప్రతి గీతా ఆ సరంగుకు నేను బాకీపడిన జవాబులో ఒక ముక్క.

నాలుగైదేళ్లు రాశాక తెలిసింది, ఒకే మట్టానికి ఒకే నీరు రాదు. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక 13.75 అడుగులు. అదే 13.75కి ఒక ఏడు కాజ్‌వే మీద మోకాలి లోతు, మరో ఏడు నడుం లోతు. ఎందుకని ఆరా తీస్తే అమావాస్య, పున్నమి బయటపడ్డాయి. సముద్రం పోటు మీద ఉంటే నది నీరు దిగదు, పాయల్లోనే నిలబడిపోతుంది. పైన కూనవరం దగ్గర శబరి గనక పోటెత్తితే గోదావరి వెనక్కి తన్ని భద్రాచలంలో మట్టం త్వరగా దిగదు, మా దగ్గర ముంపు రోజుల తరబడి సాగుతుంది. ప్రాణహిత వరద ఒక తీరు, ఇంద్రావతి వరద ఇంకో తీరు. ఇవన్నీ ఇంజనీర్లకు తెలిసినవే. మా రెవెన్యూ వాళ్లకు తెలియదు, మేము వాళ్లను అడగలేదు. ఒకే ఆవరణలో మా రెండు ఆఫీసులు, మధ్యలో ఒక వేపచెట్టు. ఆ చెట్టు దాటి వెళ్లి గేజీ రీడరుతో టీ తాగడం మొదలుపెట్టాక నా నోట్‌బుక్కుకు కొత్త గడులు వచ్చాయి.

ఇంకో పాఠం ఒక మాజీ కరణం గారి దగ్గర దొరికింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. దాని మంచిచెడ్డల జోలికి ఇప్పుడు పోను, రద్దు కావడానికి బలమైన కారణాలే ఉన్నాయి. కానీ ఆ రోజుతో ఊరి గురించిన ఎంతో జ్ఞానం ఇంటి అరుగు మీద కూర్చుండిపోయింది, ఎవరూ దాని దగ్గరికి వెళ్లలేదు. నేను వెళ్లాను. ఆయన నేను గీసుకున్న ఊరి పటం చూసి, వేలుతో ఒక పల్లపు గీత చూపించి, "ఏరు ఎదురుగా రాదోయ్, వెనకనుంచి వస్తుంది" అన్నారు. ఊరికి వెనక ఒక పూడిపోయిన పాత పాయ ఉంది. ఎండాకాలం అందులో కూరగాయలు పండిస్తారు, చూస్తే పొలమే. వరదలో ముందు నిండేది అదే. రేవు వైపు ఇంకా మూడు మెట్లు మిగిలి ఉండగానే వెనక దారి తెగిపోతుంది. జనం రేవు వైపు చూస్తూ ధైర్యంగా ఉంటారు, తీరా లేచేసరికి గట్టుకు పోయే దారి ఉండదు. నా గీతలన్నీ అప్పటిదాకా రేవు వైపే ఉన్నాయి. ఆ సాయంత్రమే పాత పాయ మొదట్లో ఒక రాతి స్తంభం పాతించాను.

ఇక్కడ కాటన్ దొర గుర్తొస్తారు. గోదావరి జిల్లాల్లో ఆయన పటానికి దండలు వేస్తాం, 1852లో ఆనకట్ట పూర్తిచేసినందుకు. నాకు ఆయన మీద గౌరవం ఇంకో సంగతికి. అంతులేని లోతున్న ఇసుకలో పునాది నిలబెట్టే విద్య కావేరి మీద పాతకాలం వాళ్లు కట్టిన కల్లణై చూసి నేర్చుకున్నామని ఆయన బాహాటంగా ఒప్పుకున్నారు. అధికారం చేతిలో ఉన్నవాడు, పాలితుల పూర్వీకుల దగ్గర చదువుకున్నానని చెప్పడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. ధవళేశ్వరం ఆనకట్టలో రాయీ సున్నంతో పాటు ఆ వినయం కూడా ఉంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి ఎక్కువ రాయలేను. ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు తీరం వెంట ఆ రాత్రి పోయినవాళ్లు, మొత్తం మీద వెయ్యి మందికి పైన. ఆ తెల్లారి నడిచిన దారిలో కొబ్బరి చెట్టు ఒక్కటీ నిలువుగా లేదు. వేటకు పోయినవాళ్ల కోసం ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ల మొహాలు నాకింకా కళ్లలో ఉన్నాయి. కబురు చేరనిచోట, అది ఎంత ముందుగా పుట్టినా లేనట్టే. ఆ రోజు నుంచి ఏ హెచ్చరిక చేతికొచ్చినా నేను మొదట వేసే ప్రశ్న, "ఇది చేరనిది ఎవరికి?"

2006 ఆగస్టు వరదకు నేను డిప్యూటీ తహసీల్దారుని, డివిజన్ కంట్రోల్ రూములో. భద్రాచలంలో 66.9 అడుగులు, ధవళేశ్వరంలో 28 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటి ఆర్డీవో గారి దగ్గర నేను నేర్చుకున్నది ముప్ఫయి శిక్షణ తరగతుల్లో నేర్చుకోలేదు. సాధారణంగా సమీక్షంటే ఒక్కొక్కరూ లేచి "సార్, పరిస్థితి అదుపులో ఉంది సార్" అనడం, కూర్చోవడం. ఈయన మొదటి సమావేశంలోనే ఆ మాట ఆపేశారు. "తెలిసింది కాగితం మీద ఇవ్వండి, నేను చదువుకుంటాను. మీకు తెలియనిది నోటితో చెప్పండి" అన్నారు. గది నిశ్శబ్దమైపోయింది. ముందుగా ఒక వ్యవసాయ శాఖాయన లేచి, ఫలానా లంకలో ఎంతమంది కౌలు కూలీలు బయట ఊళ్లనుంచి వచ్చి పాకల్లో ఉన్నారో మా జాబితాల్లో లేదన్నాడు. రేషను కార్డు లేనివాళ్లు మా లెక్కకు రారు. ఆ మధ్యాహ్నం పడవ పంపితే నలభై మంది పైచిలుకు తేలారు.

ఆయన రెండో అలవాటు గడియారాన్ని వెనక్కి నడపడం. "నీరు ఎప్పుడొస్తుంది?" అని అడిగేవారు కాదు. "ఆఖరి పడవ ఎప్పుడు?" అనేవారు. ఆ ఉరవడిలో రాత్రి పడవ వేయలేం. దుంగలు, కొట్టుకొచ్చే చెట్లు కనబడవు. కాబట్టి అర్ధరాత్రి దారి మునుగుతుందంటే, మా నిర్ణయానికి గడువు అర్ధరాత్రి కాదు, సాయంత్రం అయిదు కూడా కాదు. రెండొందల మందిని దాటించడానికి ఆ పడవలకు ఆరు గంటలు పడితే, పొద్దున పదకొండుకే మాట ఖాయం కావాలి. పదకొండుకు మా దగ్గర ఉండేది సగం సమాచారమే. మిగతా సగం కోసం ఆగితే పడవ ఉండదు. ఎంత తెలిస్తే నిర్ణయం తీసుకోవచ్చో ముందే తేల్చుకుని ఉండటం, ఆ గీత దాటగానే వెనక్కి చూడకుండా కదలడం. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లలో ఈ గుణం నేను చాలా తక్కువమందిలో చూశాను.

ఆ రాత్రి రెండింటికి ఒక గ్రామ ఉద్యోగి ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. ఏటిగట్టు అడుగునుంచి నీరు ఊరుతోంది, నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి అన్నాడు. తేటనీరు ఊరితే కొంత నయం. మట్టినీరు వస్తోందంటే లోపల గట్టు కోసుకుపోతోందన్నమాట. ఆ గట్టు పటిష్ఠంగా ఉందని సాయంత్రమే నివేదిక పైకి పోయింది, రాసింది అతనే. ఆర్డీవో గారు ఫోన్ తీసుకుని, "ఇప్పుడు చెప్పావు చూడు, ఇదీ పని. నువ్వక్కడే ఉండు, బస్తాలు వస్తున్నాయి" అన్నారు. నివేదిక ఊసెత్తలేదు, ఆ తరవాత కూడా ఎత్తలేదు. ఇసుక బస్తాలతో తెల్లవారేదాకా అర్ధచంద్రాకారంలో చుట్టుకట్ట వేశారు. గట్టు నిలిచింది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణా నా అనుభవంలో ఉంది. వేరేచోట, వేరే సంవత్సరం, ఒక అధికారి ఇలాంటి కబురే తెచ్చిన కుర్రాణ్ణి అందరిముందూ నిలబెట్టి, "పొద్దున బాగుందని రాసి ఇప్పుడు ఈ కథలేంటి?" అని కేకలేశారు. ఆ వరదంతా ఆయనకు మంచి కబుర్లే వచ్చాయి. చెడ్డ కబుర్లన్నీ టీవీలో చూసి తెలుసుకున్నారు. అబద్ధాలాడే సిబ్బంది ఆయనకు పైనుంచి రాలేదు. ఆ ఒక్క ఉదయం ఆయనే తయారుచేసుకున్నారు.

తహసీల్దారునయ్యాక నా చేతిలోకి కాస్త అధికారం వచ్చింది. లంకల నోట్‌బుక్కు తీసి, దాన్ని గోడమీదికి ఎక్కించాను. రామాలయం గోడకు తెల్లసున్నం వేయించి, నల్ల అక్షరాలతో మూడు వాక్యాలు. ధవళేశ్వరంలో 11.75 అడుగులు అంటే రేవులో ఎన్నో మెట్టు. 13.75 అంటే పాత పాయ నిండి వెనక దారి బంద్. 17.75 అంటే బడి అరుగు మీద నీరు. ఒక్కో లంకకు ఒక్కో పట్టిక, దేని లెక్క దానిదే. ఒకరిద్దరు పైవాళ్లు అడ్డుచెప్పారు. జనం కంగారుపడతారు, ఎప్పుడు ఖాళీ చేయాలో మనం చెప్పాలి గానీ వాళ్లే లెక్కలు కట్టుకుంటే ఎలా అన్నారు. సమాచారం మన బీరువాలో ఉంటేనే మన మాట చెల్లుతుందని చాలామంది గట్టి నమ్మకం. నాకు జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. పట్టిక రాసిన మరుసటేడు టీవీ తెర కింద పరుగులు తీసే అంకె చూసి ఆడవాళ్లే ధాన్యం బస్తాలు అటకెక్కించారు. నేను పడవలు తీసుకుని వెళ్లేసరికి సగం ఊరు రేవులో సిద్ధంగా ఉంది. నా మాట అంతకుముందెన్నడూ అంత తేలిగ్గా చెల్లలేదు.

అయినా కొన్ని ఇళ్లు కదిలేవి కావు. మొండితనం అని రాసుకునేవాళ్లం. ఒకసారి కూర్చుని అడిగాను. ఒకామె చెప్పింది, "మా పాడిగేది చూడితో ఉందండి, దాన్నొదిలి నేనొచ్చి మీ పులిహోర పొట్లం తిననా?" అప్పటినుంచి పునరావాస కేంద్రం కంటే ముందు పశువులకు గట్టు మీద చోటు, ఎండుగడ్డి చూసేవాళ్లం. గేదె గట్టెక్కితే ఇల్లంతా వెంట వచ్చేది. ఏఎన్ఎంల దగ్గర కాన్పు తేదీల రిజిస్టరు ఉంటుంది. జులై నెలలోనే అది తెప్పించి, ఆగస్టు, సెప్టెంబరుల్లో నొప్పులొచ్చే తల్లులను వరద మాటెత్తకముందే పుట్టిళ్లకో ఆసుపత్రి దగ్గరికో చేర్చేవాళ్లం. ఏ శాఖ రిజిస్టరు ఆ శాఖకు పాత కాగితమే. పక్కపక్కన పెడితే అందులోంచి ఒక ప్రాణం నిలబడుతుంది.

వరద రాత్రుల్లో పుకారు ఒక పెద్ద శత్రువు. ఫలానాచోట గండి పడిందట అనే ఒక్క మాట చాలు, వెయ్యిమంది చీకట్లో పరుగెత్తుతారు. దాన్ని ఖండిస్తూ మైకులో అరిస్తే ఎవరూ నమ్మరు. నేను ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. "ఇప్పుడు రాత్రి తొమ్మిది. మాకు తెలిసింది ఇదీ, తెలియనిది ఇదీ. మళ్లీ పదకొండింటికి చెబుతాం." పదకొండుకు కొత్త విషయం ఏమీ లేకపోయినా మైకు పట్టుకుని, కొత్తది లేదని చెప్పేవాణ్ణి. చెప్పిన వేళకు గొంతు వినబడితే జనం ఆ గొంతును పట్టుకుని ఉంటారు. ఒక్కసారి వేళ తప్పితే ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది.

2021లో రిటైరయ్యాను. నోట్‌బుక్కు నా తరవాత వచ్చినాయనకు అప్పజెప్పి సంతకం కూడా తీసుకున్నాను. మరుసటి ఏడాది, 2022 జులైలో, వానాకాలం ఇంకా మొదట్లోనే గోదావరి విరుచుకుపడింది. 16న భద్రాచలంలో 71.3 అడుగులు. 1986, 1990 తరవాత డెబ్భై దాటడం అదే. లంకలోని గ్రామ సచివాలయంలో పనిచేస్తున్న ఒకమ్మాయి ఎవరిదగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "సార్, మీ పుస్తకం ఆఫీసులో దొరకలేదండి. కానీ రావిచెట్టు చప్టా మీద 90 అని తారుతో గీత ఉంది. ఇది మీరు గీసిందేనా? అప్పుడు ధవళేశ్వరంలో ఎంతుందో గుర్తుందా?" గుర్తుంది. చెప్పాను. బడి గోడమీది గీతలు కొత్త రంగులు వేసినప్పుడు పోయాయట. రామాలయం పట్టిక సున్నాల కింద కలిసిపోయిందట. చప్టా మీది గీత, పాత పాయ దగ్గర రాయి మిగిలాయి. ఆ రెండూ చూసుకుని ఆ అమ్మాయి పొద్దున్నే వెనక దారిలో పశువులను తోలించింది. నేను ఫోను పట్టుకుని కూర్చోవడం తప్ప చేసిందేమీ లేదు.

ఇప్పుడు ఆ పాత లెక్కలు ఉన్నవున్నట్టు సరిపోతాయని కూడా నేననను. 2021 నుంచి గోదావరి పోలవరం స్పిల్‌వే మీదుగా పారుతోంది. ఇసుక తిన్నెలు జరిగాయి, ఒడ్డు కోసుకుపోయింది, కొత్త కాజ్‌వేలు లేచాయి. గంటలన్నీ మళ్లీ లెక్కగట్టాలి. అది రిటైరైన నావల్ల అయ్యే పని కాదు.

లంక గ్రామాల్లో పనిచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాదొక్క విన్నపం. ఈ వానాకాలం నీరు తీస్తుండగా, బురద ఆరకముందే, ఒక తారు డబ్బా కొని పడవెక్కండి. గోడ మీద కాదు, రాతి మీద గీయండి. పక్కన తేదీ, ధవళేశ్వరం మట్టం వేయండి. ఊరి వెనక వైపు కూడా ఒకటి గీయండి.